మా కయోటీస్‌ని పోగొట్టుకున్న తీరు: నా అనుభవం

2024 ఏప్రిల్ 18న ఉత్తర అమెరికా ఐస్ హాకీ లీగ్ అయిన ఎన్‌హెచ్‌ఎల్ బోర్డు సమావేశమై, అరిజోనా కయోటీస్ ఐస్ హాకీ జట్టు ఆటగాళ్ళను, కోచ్‌లను మొత్తంగా యూటా రాష్ట్రంలోని సాల్ట్ లేక్ సిటీకి ఇచ్చేసింది. ధర 120 కోట్ల డాలర్లు. అందులో 100 కోట్లు మా జట్టు యజమానికి, 20 కోట్లు మిగతా జట్ల యజమానులకు. 1996 నుంచి ఫీనిక్స్ ప్రాంతంలో ఆడుతూ వచ్చిన జట్టు ఆ రోజుతో మాకు లేకుండా పోయింది. మా తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఎవరో ఆ వార్త పెడితే, "ఎప్పుడూ ఓడిపోయే టీమే కదా, పోతే పోనీ" అని ఇంకొకరు రాశారు. వాళ్ళకి చెడ్డ ఉద్దేశం ఏమీ లేదు. కానీ ఆ మాట నాకు చాలా బాధగా అనిపించింది. ఒక ఊరు తన జట్టును పోగొట్టుకోవడం ఒక్క రోజులో జరిగే పని కాదు. ఏళ్ళ తరబడి కొంచెం కొంచెంగా జరుగుతుంది. దాన్ని దగ్గర నుంచి చూసినదాన్ని కాబట్టి రాస్తున్నాను.

నేను 2009లో నెల్లూరు నుంచి ఏఎస్‌యూలో (అరిజోనా స్టేట్ యూనివర్సిటీలో) ఎంఎస్ చేయడానికి టెంపీకి వచ్చాను. తర్వాత పక్కనే చాండ్లర్‌లో చిప్‌లు తయారు చేసే కంపెనీలో ఉద్యోగం, పెళ్ళి, పాప, అన్నీ ఇక్కడే. ఫీనిక్స్‌నీ దాన్ని ఆనుకుని ఉన్న టెంపీ, మీసా, చాండ్లర్, స్కాట్స్‌డేల్, గ్లెండేల్ లాంటి ఊళ్ళనీ కలిపి ఇక్కడివాళ్ళు వ్యాలీ అంటారు. అక్టోబర్‌లో కూడా మన రోహిణి కార్తెలా కాసే ఎడారి ఇది. ఇలాంటి చోట మంచు మీద ఆట ఏమిటని నేనూ అనుకున్నాను. లాబ్‌లో నాతో పనిచేసే అమ్మాయి ఒకరోజు బలవంతంగా గ్లెండేల్ స్టేడియానికి తీసుకెళ్ళింది. హాకీ అంటే ధ్యాన్‌చంద్ అని మాత్రమే తెలిసిన నాకు ఆ రోజు సగం ఆట అర్థం కాలేదు. పక్, అంటే బంతికి బదులు కర్రతో కొట్టే రబ్బరు బిళ్ళ, ఎక్కడుందో కూడా కనిపించలేదు.

ఐస్ హాకీ తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. గోలీతో (గోల్‌కీపర్‌తో) కలిపి ఒక్కో వైపు ఆరుగురు. ఇరవై నిమిషాల పీరియడ్లు మూడు. గోలీ తప్ప ఎవరూ పూర్తిగా ఆడరు. ముప్పావు నిమిషం, నిమిషం ఒంట్లో ఉన్న శక్తంతా పెట్టి ఆడి, కంచె దూకి బెంచీ మీదికి వచ్చేస్తారు. వాళ్ళ స్థానంలోకి ఇంకొకరు దూకుతారు. ఆట ఆగకుండానే మనుషులు మారిపోతుంటారు. టీవీలో చూస్తే ఇదేమీ తెలియదు. స్కేట్లు మంచును కోసే శబ్దం, పక్ గాజు గోడకు తగిలినప్పుడు వచ్చే మోత, ఇవన్నీ అక్కడ కూర్చుని వినాలి. నేను అభిమానినైంది ఆ శబ్దాల వల్లే.

2012 వసంతం మాకు మంచికాలం. జట్టు షికాగోని, నాష్‌విల్‌ని ఓడించి కాన్ఫరెన్స్ ఫైనల్ దాకా, అంటే సెమీఫైనల్ లాంటి దశ దాకా వెళ్ళింది. ఆ నెలల్లో స్టేడియం అంతా తెల్లబట్టలే. ప్లేఆఫ్స్‌కి, అంటే సీజన్ చివర జరిగే నాకౌట్ పోటీలకి, అందరూ తెల్లవి వేసుకుని రావడం మా ఆచారం. మే 22న లాస్ ఏంజెలెస్ చేతిలో ఓవర్‌టైమ్‌లో ఓడిపోయి ఇంటిదారి పట్టాం. వచ్చే ఏడు చూసుకుందాం అని ఒకరికొకరం చెప్పుకుంటూ పార్కింగ్‌లోకి నడిచాం. అరిజోనాలో జరిగిన చివరి ప్లేఆఫ్ మ్యాచ్ అదేనని మాలో ఎవరికీ తెలియదు.

ఆ తెల్లబట్టల ఆచారం మాది కాదని చాలాకాలం తర్వాత తెలిసింది. మా ఆఫీసులో కెనడాలోని విన్నిపెగ్ నుంచి వచ్చిన ఒకాయన ఉన్నాడు. కయోటీస్ మొదట విన్నిపెగ్ జెట్స్. 1996లో అక్కడి నుంచి ఫీనిక్స్‌కి తరలించారు. తెల్లబట్టలు 1987 నుంచి వాళ్ళ ఆనవాయితీ, జట్టుతో పాటు ఇక్కడికి వచ్చింది. జట్టును నిలబెట్టుకోవడానికి 1995లో విన్నిపెగ్ జనం వీధుల్లోకి వచ్చి చందాలు పోగేశారు. పిల్లలు డిబ్బీలు పగలగొట్టి ఇచ్చారట. అప్పుడు ఆయన స్కూల్లో చదువుతున్నాడు. "మీ జట్టు అంటే నాకు కోపం లేదు, కానీ ఆ స్టేడియానికి మాత్రం నేను రాను" అని ఒకసారి నాతో అన్నాడు. అప్పుడు ఆయన మాటలోని బరువు నాకు అందలేదు. 2011లో అట్లాంటా జట్టు విన్నిపెగ్‌కి వెళ్ళి మళ్ళీ జెట్స్ అయింది. పదిహేనేళ్ళకు వాళ్ళ జట్టు పేరు వాళ్ళకు తిరిగొచ్చింది. ఆ ఆనందానికి అట్లాంటా వాళ్ళు మూల్యం కట్టారు. ఈ ఆటలో ఎవరికి జట్టు వచ్చినా అది ఇంకొకరి దగ్గరి నుంచి వచ్చిందే కావడం చాలాసార్లు జరిగింది.

మా కష్టాలకు మూలం స్టేడియం. తొలి ఏళ్ళలో ఫీనిక్స్ డౌన్‌టౌన్‌లో బాస్కెట్‌బాల్ కోసం కట్టిన భవనంలో ఆడారు. అక్కడ కొన్ని సీట్ల నుంచి ఒకవైపు గోల్ పోస్టే కనిపించేది కాదట. 2003 డిసెంబర్‌లో గ్లెండేల్‌లో కొత్త స్టేడియానికి మారారు. అది హాకీకి చక్కగా సరిపోయిన భవనం. కానీ వ్యాలీకి పడమటి కొసన ఉంది. హాకీ చూసేవాళ్ళలో ఎక్కువమంది ఉండేది తూర్పు వైపు. పనిరోజు సాయంత్రం చాండ్లర్ నుంచి బయల్దేరితే గంట దాటిపోయేది. నేను వచ్చిన 2009లోనే అప్పటి యజమాని దివాలా కోర్టుకి వెళ్ళాడు. బ్లాక్‌బెర్రీ ఫోన్ల జిమ్ బాల్సిలీ కొనుక్కుని కెనడాలోని హామిల్టన్‌కి తీసుకెళ్ళాలని చూశాడు. కోర్టు ఒప్పుకోలేదు. ఎన్‌హెచ్‌ఎల్ తానే 14 కోట్ల డాలర్లకు జట్టును కొని, 2013 దాకా నడిపింది. ఆ కాలంలో జట్టు ఊళ్ళో ఉండడం కోసం గ్లెండేల్ నగరం రెండు సీజన్ల పాటు ఏడాదికి రెండున్నర కోట్ల డాలర్ల చొప్పున కట్టింది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. తర్వాత టెంపీలో జరిగినదానికి దీనితో సంబంధం ఉంది.

యజమానులు మారారు. నగరంతో గొడవలు పెరిగాయి. 2021 ఆగస్టులో గ్లెండేల్ ఇక చాలంది. వచ్చే సీజన్ తర్వాత స్టేడియం ఇవ్వం, వేరేచోటు చూసుకోమని చెప్పేసింది. ఇన్నేళ్ళూ పుకార్లకు అలవాటు పడిపోయిన నాకు మొదటిసారి నిజంగా టెన్షన్ పట్టుకుంది.

అప్పుడు జట్టు మా ఇంటి దగ్గరికి వచ్చింది. ఏఎస్‌యూ తన కాలేజీ హాకీ జట్టు కోసం టెంపీలో కట్టిన మల్లెట్ ఎరీనాలో తాత్కాలికంగా ఆడతామన్నారు. కొత్త స్టేడియం కట్టేదాకా అక్కడే. దాంట్లో మా మ్యాచ్‌లకు సీట్లు దాదాపు 4,600. ఎన్‌హెచ్‌ఎల్‌లో దాని తర్వాతి చిన్న స్టేడియంలో 15 వేల మంది పడతారు. దేశమంతా ఎగతాళి చేసింది. టికెట్ ధరలు గ్లెండేల్‌లో కంటే బాగా పెరిగాయి. మేం ఇంకో కుటుంబంతో కలిసి సీజన్ టికెట్ పంచుకున్నాం. 2022 అక్టోబర్ 28న మొదటి మ్యాచ్. వచ్చిన జట్టు విన్నిపెగ్. ఓవర్‌టైమ్‌లో 3-2తో ఓడిపోయాం. డ్రెస్సింగ్ రూములు కట్టడం అప్పటికింకా పూర్తికాలేదు. అందుకని ఇక్కడ నాలుగు మ్యాచ్‌లు ఆడి, వరసగా 14 మ్యాచ్‌లు బయట ఊళ్ళలో ఆడి వచ్చారు.

ఎవరెంత నవ్వినా సరే, ఆ రెండు సీజన్లే నాకు అన్నిటికంటే ఇష్టమైనవి. అంత చిన్నచోట ఎక్కడ కూర్చున్నా ఆట ఒళ్ళోకి వచ్చినట్టే ఉండేది. ఆటగాళ్ళు ఒకరినొకరు పిలుచుకోవడం వినపడేది. ఒక గోల్ పోస్టు వెనకాల ఏఎస్‌యూ విద్యార్థులు నిలబడి గొంతులు పోయేలా అరిచేవారు. మా అమ్మాయికి అప్పటికి ఎనిమిదేళ్ళు. క్లేటన్ కెల్లర్ అంటే ప్రాణం. వార్మప్‌లో అతను ఒకసారి గాజు దగ్గరికొచ్చి తన వైపు పక్ విసిరాడు. ఆ తర్వాతి వారమే "అమ్మా, నేనూ ఆడతాను" అంది. స్కేట్లు, హెల్మెట్, ప్యాడ్లు, మొత్తం సరంజామా కొని చాండ్లర్‌లోని ఐస్ డెన్ అనే రింకులో (మంచు మైదానంలో) చేర్చాం. నెల్లూరులో మా అమ్మకి వీడియో కాల్‌లో చూపిస్తే, "ఏందమ్మా ఈ వేషం, బిడ్డకి దెబ్బలు తగిలితే ఎట్టా?" అంది. పడితే లేవడమే మొదట నేర్పిస్తారు అమ్మమ్మా అని మా అమ్మాయే సర్దిచెప్పింది.

ఎడారి పిల్లలు హాకీ ఆడడం ఊరికే జరగలేదు. ప్రపంచంలోని గొప్ప ఆటగాళ్ళలో ఒకడైన ఆస్టన్ మాథ్యూస్ స్కాట్స్‌డేల్‌లో పెరిగాడు. చిన్నప్పుడు కయోటీస్ మ్యాచ్‌లు చూసే హాకీ పట్టుకున్నాడు. జట్లు కొత్త ఆటగాళ్ళను ఎంచుకునే 2016 డ్రాఫ్ట్‌లో అందరికంటే ముందు అతణ్ణే టొరంటో ఎంచుకుంది. చాండ్లర్‌లో పెరిగిన లిండ్సీ ఫ్రై 2014 ఒలింపిక్స్‌లో అమెరికా తరఫున రజతం గెలిచింది. తర్వాత కయోటీస్ రేడియో వ్యాఖ్యాతగా పనిచేస్తూ, ఇక్కడి ఆడపిల్లల కోసం కచీనాస్ అనే హాకీ సంఘాన్ని నడిపింది. జట్టు గెలుపోటముల పట్టికలో ఇవేవీ కనిపించవు. "ఓడిపోయే టీమే కదా" అన్నవాళ్ళకి నేను చెప్పాలనుకున్నది ఇదే. ఆ జట్టు లేకపోతే ఇక్కడ ఇన్ని రింకులు ఉండేవి కావు, ఇంతమంది పిల్లలు స్కేట్లు కట్టేవారు కారు.

ఇక ఓటు సంగతి. మొత్తం కథలో నన్ను ఎక్కువగా కలచివేసింది అదే.

టెంపీలో విమానాశ్రయానికి దగ్గరగా నగరానికి చెందిన 46 ఎకరాల స్థలం ఉంది. ఒకప్పుడు చెత్త పోసిన చోటు. అక్కడ 16 వేల సీట్ల స్టేడియం, అపార్ట్‌మెంట్లు, హోటళ్ళు, దుకాణాలు, అన్నీ కలిపి 210 కోట్ల డాలర్ల ప్రాజెక్టు కడతామని జట్టు యాజమాన్యం ముందుకొచ్చింది. 2022 నవంబర్‌లో నగర కౌన్సిల్ ఏకగ్రీవంగా దాన్ని ప్రజల ఓటుకి పంపింది. 301, 302, 303 అని మూడు ప్రతిపాదనలు. పోలింగ్ తేదీ 2023 మే 16.

నాకు ఓటు లేదు. హెచ్‌1బీ మీద ఉంటూ, గ్రీన్‌కార్డు వరసలో నిలబడిన లక్షలమంది మనవాళ్ళలో నేనూ మా ఆయనా ఉన్నాం. ఇంటిపన్ను టెంపీకే కడతాం, పిల్ల టెంపీ బడిలోనే చదువుతుంది, జట్టు మా ఇంటికి పది నిమిషాల దూరంలో ఆడుతుంది. బ్యాలట్ మాత్రం మా పోస్టుబాక్సులోకి రాదు. చేయగలిగింది ఒక్కటే, తెలిసినవాళ్ళతో మాట్లాడడం. సిటిజన్‌షిప్ వచ్చిన మన తెలుగువాళ్ళ ఇళ్ళకు వెళ్ళి అడిగాను. ఓటు పడేసి పంపండి చాలు అన్నాను. సగంమందికి ఆ ఎన్నిక ఉందనే తెలియదు. కవరు వచ్చింది గానీ విప్పలేదన్నారు.

మా పక్కింటావిడ విశ్రాంత ఉపాధ్యాయురాలు. మా అమ్మాయికి చదవడం నేర్పింది ఆవిడే అంటే అతిశయోక్తి కాదు. ఆవిడ ఇంటి ముందు వద్దు అనే బోర్డు నాటింది. మా వాకిట్లో కావాలి అనే బోర్డు. మధ్యలో కంచె. ఒకరోజు సాయంత్రం ఆవిడ వరండాలో కూర్చుని చాలాసేపు మాట్లాడుకున్నాం. హాకీ మీద తనకేమీ కోపం లేదంది. గ్లెండేల్ ఎంత డబ్బు పోసిందో, చివరికి ఏం మిగిలిందో చూశాం కదా అంది. ఏళ్ళ తరబడి పన్ను రాయితీలు ఇచ్చేస్తే బడులకీ రోడ్లకీ ఎక్కడి నుంచి వస్తుందని అడిగింది. విమానాలు దిగే దారికింద అపార్ట్‌మెంట్లు కడితే, వాటిలో ఉండేవాళ్ళకి ఆ మోత ఎవరు తగ్గిస్తారంది. ఆ మాటలో నిజముంది. ఆ ఇళ్ళ విషయంలోనే ఫీనిక్స్ నగరం టెంపీ మీద కోర్టుకి కూడా వెళ్ళింది. చెత్త కింద ఉన్న నేలను శుభ్రం చేసే ఖర్చు జట్టు పెట్టుకుంటుందని, ఆ భూమి ఇప్పటికీ ఎవరికీ ఉపయోగపడడం లేదని నేను చెప్పాను. ఆవిడ ఓపిగ్గా వింది. "నీ కూతురి కోసం నాకూ బాధగానే ఉంది. కానీ నేను ఓటు వేసేది ఆ ఒప్పందానికి" అంది.

ఫలితాలు వచ్చిన రాత్రి దాదాపు 56 శాతం వద్దన్నారని తేలింది. మూడు ప్రతిపాదనలూ ఓడిపోయాయి. మర్నాడు పొద్దున ఆవిడ తన బోర్డు తీసేసి, మా వాకిట్లోకి వచ్చి నా చెయ్యి పట్టుకుంది. టెంపీ హాకీని కాదనలేదని, ఒక కాంట్రాక్టును కాదందని నేను ఇప్పటికీ నమ్ముతాను. మీసా, చాండ్లర్, ఫీనిక్స్‌లలో ఉండే అభిమానులెవరికీ ఆ ఓటు లేదు. వ్యాలీలో దాదాపు యాభై లక్షల జనం. తీర్పు చెప్పింది ఒక్క టెంపీలో ఓటేసిన కొన్ని వేలమంది. ఇది ఎవరి తప్పూ కాదు, చట్టం అలా ఉంది. అయినా ఆ లెక్క నాకు ఇప్పటికీ మింగుడు పడదు.

ఆ తర్వాత ఏడాది అంతా పుకార్లే. మీసాలో స్థలం చూశారన్నారు. తర్వాత ఉత్తర ఫీనిక్స్‌లో ప్రభుత్వ భూమి వేలానికి వస్తుందన్నారు. 2024 జనవరిలో యూటా జాజ్ బాస్కెట్‌బాల్ జట్టు యజమాని రయన్ స్మిత్ తమ రాష్ట్రానికి హాకీ జట్టు కావాలని బహిరంగంగానే అడిగాడు. ఆ శీతాకాలంలోనే మావాళ్ళు వరసగా 14 మ్యాచ్‌లు ఓడిపోయారు. ఎక్కడ ఉంటారో తెలియని మనుషులు ఎలా ఆడతారు? వాళ్ళకీ ఇళ్ళున్నాయి, బడికెళ్ళే పిల్లలున్నారు.

మార్చి 26 మాత్రం మరిచిపోలేను. షేన్ డోన్ అని మాకు ఒక కెప్టెన్ ఉండేవాడు. 1995 డ్రాఫ్ట్‌లో విన్నిపెగ్ ఎంచుకుంటే, 1996లో జట్టుతో పాటు ఇక్కడికి వచ్చి, 2017 దాకా ఇంకెక్కడికీ పోలేదు. జట్టు దివాలా తీసిన రోజుల్లోనూ పోలేదు. అతని కొడుకు జాష్ ఇక్కడే పుట్టి పెరిగి, ఏఎస్‌యూలో ఆడి, కయోటీస్‌లోకి వచ్చాడు. కాలేజీలో ఆడిన మల్లెట్‌లోనే ఆ రోజు తన మొదటి ఎన్‌హెచ్‌ఎల్ మ్యాచ్. కొలంబస్ మీద రెండు గోల్స్ కొట్టాడు. స్టేడియంలో చాలామంది ఏడ్చారు. జట్టు ఊళ్ళో వేళ్ళూనుకోవడం అంటే ఇదే కదా, ఇలాంటి జట్టును ఎలా తీసుకెళ్తారు అనుకున్నాను. నెల తిరగకుండానే తీసుకెళ్ళారు.

ఏప్రిల్ రెండో వారంలో వార్తలు గుప్పుమన్నాయి. ఆ శుక్రవారం, 12న, జట్టు ఎడ్మంటన్‌లో ఉంది. జనరల్ మేనేజర్ బిల్ ఆర్మ్‌స్ట్రాంగ్ ఆటగాళ్ళను కూర్చోబెట్టి యూటాకి వెళ్తున్నామని చెప్పాడు. అదే రాత్రి వాళ్ళు మ్యాచ్ ఆడాల్సి వచ్చింది. అభిమానులకు ఎవరూ ఏదీ చెప్పలేదు. నేను ఆఫీసులో ఫోన్‌లో చదివి తెలుసుకున్నాను. మా అమ్మాయికి బడి నుంచి తీసుకొచ్చేటప్పుడు కారులో చెప్పాను. "కెల్లర్ కూడానా?" అని మాత్రం అడిగింది. ఆ సాయంత్రం ప్రాక్టీసుకి వెళ్తావా మానేస్తావా అంటే వెళ్తానంది. రింకులో పిల్లలందరికీ తెలిసిపోయింది. కోచ్ వాళ్ళను మంచు మధ్యలో గుండ్రంగా మోకాళ్ళ మీద కూర్చోబెట్టి, కాసేపు మాట్లాడనిచ్చి, తర్వాత రోజూ చేయించే డ్రిల్సే చేయించాడు. ఆయన చేసింది సరైన పని.

ఆఖరి మ్యాచ్ బుధవారం, 17న, ఎడ్మంటన్‌తోనే. ఆ రోజు మా వంతు కాదు. టికెట్ పంచుకున్న కుటుంబం వాళ్ళు ఫోన్ చేసి, ఇద్దరు పిల్లలు ఇద్దరు అమ్మలు వెళ్దాం, నాన్నలు టీవీలో చూస్తారు అన్నారు. బయట పార్కింగ్‌లోనే జాతరలా ఉంది. పాతవి, కొత్తవి, అన్ని రంగుల జెర్సీలు. ఇసుక, అర్ధచంద్రుడు, తోడేలుజాతి కయోటీ బొమ్మ ఉన్న కచీనా జెర్సీలే ఎక్కువ. 1996లో మొదటి మ్యాచ్ చూసిన ముసలాయన ఒకరు మా వెనక వరసలో కూర్చున్నారు. మనవణ్ణి తెచ్చుకున్నారు. ఆట మొదలైనప్పటి నుంచి ఎవరూ సరిగా కూర్చోలేదు. ఆ రాత్రి మావాళ్ళు ఎంత బాగా ఆడారో! ప్లేఆఫ్స్‌కి వెళ్తున్న ఎడ్మంటన్‌ని 5-2తో ఓడించారు. పోయే జట్టు అలా ఆడుతుంటే సంతోషపడాలో ఏడవాలో తెలియలేదు.

హారన్ మోగాక కూడా జనం కదల్లేదు. "లెట్స్ గో కయోటీస్" అని అదేపనిగా అరుస్తూనే ఉన్నారు. ఆటగాళ్ళు మళ్ళీ మంచు మీదికి వచ్చారు. స్టిక్కులు, పక్‌లు, ఒంటి మీది జెర్సీలు గాజు మీదుగా అందించారు. కొందరు కళ్ళు తుడుచుకుంటున్నారు. స్టేడియంలో పనిచేసే వాళ్ళు, టికెట్లు చూసేవాళ్ళు, పాప్‌కార్న్ అమ్మేవాళ్ళు కూడా మెట్ల మీదికి వచ్చి నిలబడ్డారు. ఉద్యోగాలు పోయేవాళ్ళలో వాళ్ళూ ఉన్నారన్న ఆలోచన నాకు అప్పుడే తట్టింది. వాళ్ళలో మమ్మల్ని పేరుపెట్టి పలకరించే ఒకావిడని మా అమ్మాయి వెళ్ళి వాటేసుకుంది.

వారం తిరిగేసరికి ఆ ఆటగాళ్ళే సాల్ట్ లేక్ సిటీలో విమానం దిగారు. అక్కడ పిల్లలు స్టిక్కులు పట్టుకుని వరసగా నిలబడి స్వాగతం చెప్పారు. ఆ వీడియో చూస్తున్నప్పుడు మా ఆఫీసు విన్నిపెగ్ ఆయన గుర్తొచ్చాడు. 1996లో మా ఊళ్ళో జనం కూడా ఇలాగే సంబరపడి ఉంటారు. మర్నాడు ఆయన నా డెస్కు దగ్గరికి వచ్చి కాఫీకి పిలిచాడు. చాలాసేపు మాట్లాడుకున్నాం. కోపం కొన్నేళ్ళు ఉంటుంది, ఉండనివ్వు అన్నాడు. కూతుర్ని మాత్రం ఆట మానిపించకు అన్నాడు.

కాగితాల మీద కయోటీస్ అప్పటికింకా చావలేదు. యూటాది కొత్త జట్టు కింద లెక్క. పేరు, రికార్డులు ఇక్కడే ఉంటాయి. ఐదేళ్ళలో స్టేడియం కడితే అరిజోనాకి మళ్ళీ జట్టు ఇస్తామని ఎన్‌హెచ్‌ఎల్ మా పాత యజమానికి హక్కు ఇచ్చింది. జూన్ 27న ఉత్తర ఫీనిక్స్ భూమి వేలం. అదొక్కటే దారి. ఇంకో వారం ఉందనగా, ముందు ప్రత్యేక అనుమతి తీసుకోవాలంటూ రాష్ట్ర భూముల శాఖ వేలాన్ని రద్దు చేసింది. మూడు రోజులకే ఆ యజమాని హక్కు వదిలేసుకున్నాడు. నాకు ఆఖరి మ్యాచ్ కంటే ఆ రోజే కష్టంగా గడిచింది. ఏప్రిల్‌లో కనీసం నలుగురం కలిసి ఏడ్చాం. జూన్‌లో వార్త చూసి ఎవరింట్లో వాళ్ళం ఉండిపోయాం.

2025 శరదృతువులో హైదరాబాద్ నుంచి మా పెదనాన్న కొడుకు ఫోన్ చేశాడు. హైదరాబాద్ ఎఫ్‌సీ ఫుట్‌బాల్ క్లబ్ ఢిల్లీకి వెళ్ళిపోయిందని చెప్పాడు. 2021-22లో ఐఎస్ఎల్ గెలిచిన జట్టు. గచ్చిబౌలి స్టేడియంలో పసుపు జెర్సీ వేసుకుని మ్యాచ్‌లు చూసేవాడు మావాడు. "అక్కా, నీకప్పుడు ఓదార్పు చెప్పడం కూడా చేతకాలేదు. ఇప్పుడు తెలిసింది" అన్నాడు. 2019లో పుణే క్లబ్ మూతపడితే దాని స్థానంలో వచ్చిందే హైదరాబాద్ జట్టు. పుణే అభిమానుల గురించి ఇద్దరం ఆ రోజే మొదటిసారి మాట్లాడుకున్నాం. డెక్కన్ చార్జర్స్‌ని 2012లో రద్దు చేసినప్పుడు సన్‌రైజర్స్ వెంటనే వచ్చింది కాబట్టి మనకు ఆ లోటు తెలియలేదు. ఫుట్‌బాల్‌కి అలా ఎవరొస్తారో చూడాలి.

ఇంట్లో సంగతి చెప్తాను. యూటా మ్యాచ్‌లు నేను చూడను. ఆ ఊరి మీద పగ ఏమీ లేదు, మనసొప్పదు, అంతే. మా అమ్మాయి చూస్తుంది. 2024 అక్టోబర్ 8న వాళ్ళ మొదటి మ్యాచ్‌లో డిలన్ గుంథర్ తొలి గోల్ కొడితే హాల్లోంచి కేక వినిపించింది. కెల్లర్ ఇప్పుడు అక్కడ కెప్టెన్. ఆటగాళ్ళు ఏం చేశారమ్మా, వాళ్ళని కూడా పంపేశారు కదా అని అంటుంది. తనది న్యాయమైన మాటే. తన గోడకి కచీనా జెర్సీ, దాని పక్కన యూటా పోస్టర్ రెండూ ఉన్నాయి. రింకులో వాళ్ళ జట్టు కొనసాగుతూనే ఉంది. కానీ పెద్దజట్టు ఉన్నప్పుడు వచ్చే స్కూలు కార్యక్రమాలు, ఆటగాళ్ళు రింకుకి వచ్చి పిల్లలతో స్కేట్ చేసే రోజులు, కొత్తగా చేరే చిన్నపిల్లలకి ఇచ్చే సామాను, ఇవి తగ్గిపోయాయి. ఆ ఖర్చు ఇప్పుడు తల్లిదండ్రులం, కోచ్‌లం కలిసి మోస్తున్నాం. చిన్నవైపోయిన స్కేట్లు పారేయకుండా తర్వాతివాళ్ళకి ఇస్తున్నాం. కొత్తగా చేరే మన తెలుగు పిల్లలు ఉంటే నాకు చెప్పండి, ఒక పెట్టె నిండా సామాను మా గరాజ్‌లో ఉంది.

అరిజోనాకి మళ్ళీ జట్టు రావాలనే నేను కోరుకుంటున్నాను. ఈసారి ముందు స్టేడియం కట్టాలి, తర్వాతే జట్టు రావాలి. స్థలం తూర్పు వైపు ఉండాలి, లైట్ రైలుకి అందుబాటులో ఉండాలి. నగరం ఎంత పెడుతుందో, ఎంత వదులుకుంటుందో మా పక్కింటావిడ కూడా చదివి అర్థం చేసుకునేలా రెండు పేజీల్లో రాసి ఇవ్వాలి. ఆవిడ కూడా అదే అడుగుతోంది. మా గ్రీన్‌కార్డు ఎప్పుడొస్తుందో, ఆ తర్వాత ఓటు ఎప్పుడొస్తుందో తెలియదు. ఇక్కడే పుట్టిన మా అమ్మాయికి 2032లో పద్దెనిమిది నిండుతాయి. బహుశా మా ఇంట్లోకి వచ్చే మొదటి బ్యాలట్ తనదే. ఆ మాట చెప్తే, "అయితే మీటింగ్‌కి వెళ్ళి స్టేడియం ఎక్కడ కడతారో ముందు నేనే అడుగుతా" అంది.